శవం పక్కన నవ్వు

ఏన్కూరు, 2006 ఆగస్టు, సోమవారం రాత్రి

ఖమ్మం వారపత్రికలో నా సినిమా సమీక్ష అచ్చయింది. కొత్తగూడెం దాకా బస్సులో పోయి, రెండుసార్లు చూసి రాసింది. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. 'కొడుకు శవం పక్కన ఏ తల్లీ ఇలా నవ్వదు. ఇది పచ్చి అబద్ధం' అన్న చోట బాగా రాశావన్నారు.

బడిలో పిల్లలకు అన్నం వండే లక్ష్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి విన్నదట. అందరూ క్లాసులకు వెళ్ళాక లోపలికి వచ్చింది.

"గా సినిమా నాకు మా చెల్లె చూపెట్టింది సారూ. నా కొడుకు పోయిననాడు నేను గూడ గట్లనే నవ్విన. ఆపుదామంటే ఆగలే. మా అత్త ఇప్పటికీ నన్ను పిచ్చిదంటది. సినిమాల గామెను చూసినంక, నా అసొంటిది ఇంకొకతె ఉన్నదని పానం నిమ్మలమైంది. గది అబద్ధమా సారూ?"

బెల్లు కొట్టారని చెప్పి బయటికి వచ్చేశాను. బెల్లు కొట్టనే లేదు.

తప్పు రాశానని పత్రికకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. కానీ ఆ సీను నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆ నటి నవ్వు అతికించినట్టే ఉంది. అంతవరకే రాసి ఉంటే సరిపోయేదేమో. 'ఏ తల్లీ' అని ఎట్లా రాశాను? ఎందరు తల్లులను చూశానని?

లక్ష్మమ్మను మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఆమెకు ఒక కొడుకు ఉండేవాడని ఈరోజే తెలిసింది.