హనీఫా ఆపా రాసిచ్చిన ఒక్క పేజీ

బేగంపేట, జూన్ 2

హనీఫా ఆపాకు నమస్కారాలు.

నేను అనుపమను, మన రక్తదాతల సంఘానికి కంప్యూటర్ పని చేసిపెడుతున్న అమ్మాయిని. మోకాలి ఆపరేషన్‌కు మీరు నెల రోజులు సెలవు పెడుతున్నారు కదా, ఆ నెలంతా మీరు చూసే చిలకలగూడ డెస్కుకు వచ్చే ఫోన్లు ఒక ఏఐ ఏజెంటు, అంటే మనిషిలా మాట్లాడే ప్రోగ్రాం, ఎత్తుతుంది. మీ రిజిస్టరులోని పదకొండు వందల పేర్లూ డేటాబేస్‌లో పెట్టేశాం. అందులో ఎలా వెతకాలో, దొరికితే ఏం చెయ్యాలో, దొరక్కపోతే ఏం చెప్పాలో మీరొక పేజీ రాసివ్వండి. అది చదువుకుని పనిచేస్తుంది.

మీ అనుపమ

తా.క.: అది మీరు రాసింది రాసినట్టే చేస్తుంది. మన మనుషుల్లాగా కాదు.

చిలకలగూడ, జూన్ 5

అనుపమ బేటీకి దువాలు.

ఇరవై రెండేళ్ల పనిని ఒక పేజీలో రాయమన్నావు. రాశాను. ఫోన్ చేసేవాళ్ళు ఏడుస్తుంటారు కాబట్టి ముందు "తిన్నరా?" అని అడగాలి. బ్లడ్ గ్రూపు ఆ తర్వాత. రక్తమిచ్చి మూడు నెలలు కానివాళ్ళ జోలికి పోవద్దు. బోయిగూడ తిరుమల్‌ను నేరుగా అడిగితే "చూస్త తియ్" అంటాడు, వాళ్ళావిడ ఎల్లమ్మను అడిగితే అరగంటలో వస్తాడు. ఎవరికీ "లేదు" అని మాత్రం చెప్పొద్దు. ఆ మాట నా డెస్కు దగ్గర ఎవరూ వినలేదు.

హనీఫా

తా.క.: ఆపరేషన్ తేదీ కొంచెం వెనక్కి జరిపించాను. కంగారేం లేదు.

బేగంపేట, జూన్ 12

ఆపాకు నమస్కారాలు.

మీ పేజీతో నిన్న పరీక్ష పెట్టాం. రోగుల బంధువుల్లా ఫోన్ చేసిన మావాళ్ళు ఎనిమిదిమందికీ ఏజెంటు "దొరుకుతది, పరేషాన్ కాకుండ్రి" అని చెప్పింది. అందులో అయిదుగురికి సరిపోయే పేరు డేటాబేస్‌లో ఒక్కటీ లేదు. వాళ్ళు నిజంగా ఆస్పత్రిలో ఉన్నవాళ్ళయితే మన మాట నమ్మి వేరే ప్రయత్నం మానేసేవాళ్ళు. తలుచుకుంటే భయమేసింది. మా ఆఫీసు రాఘవేందర్ సారు మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ తిన్నరా అని అడిగింది. మూడోసారి ఆయన ఏమేం కూరలో కూడా చెప్పారు.

దయచేసి "లేదు" అని రాయండి. ఇంకో మాట. మీరు ఆపరేషన్‌ను రెండోసారి కూడా వాయిదా వేశారట. కుర్చీ వదల్లేకే ఇదంతా అంటున్నారు సారు. నాకూ అలాగే అనిపిస్తోంది, దాచడమెందుకు.

అనుపమ

తా.క.: పరీక్షలోనే ఏజెంటు ఎల్లమ్మగారికి నిజంగా నాలుగుసార్లు ఫోన్ చేసేసింది. ఆవిడ దాన్ని ఆదివారం భోజనానికి పిలిచారు.

చిలకలగూడ, జూన్ 14

అనుపమకు,

నా కుర్చీకి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టుకుని కూర్చుంటున్నాను. అంత కావాలంటే మీ సారును ఆటో తెచ్చుకుని పట్టుకుపొమ్మను. కోపమొచ్చింది, రాసేశాను.

"లేదు" సంగతిలో మాత్రం తప్పు నాదే. నేను లేదనకపోవడానికి కారణం, ఫోన్ పెట్టేశాక కూడా వెతుకుతూనే ఉంటాను. ఆ సగం రాయడం మరిచాను. ఇప్పుడు రాసుకో: రిజిస్టరులో లేకపోతే లేదనే చెప్పాలి, వేరేచోట కూడా అడగమనాలి, తను వెతకడం మాత్రం ఆపకూడదు. కొందరు అడగడానికి సిగ్గుపడి సగంలో ఫోన్ పెట్టేస్తారు. వాళ్ళకు మళ్ళీ మనమే చెయ్యాలి. తిట్టినా చెయ్యాలి.

హనీఫా

తా.క.: నడవడానికి జెర తక్లీఫ్‌గా ఉంది. మెట్లు మానేశాను, అంతే.

బేగంపేట, జూన్ 19

హనీఫా ఆపాకు,

ముందు నన్ను క్షమించండి. మొన్న ఒకావిడ ఏజెంటు పరీక్ష నంబరుకు ఫోన్ చేశారు. పేరు కాంతమణి అన్నారు. మోకాలి ఆపరేషన్, ఓ నెగటివ్ ఒక యూనిట్ కావాలన్నారు. "ఎవరికమ్మా?" అని అడగ్గానే పెట్టేశారు. ఏజెంటు మీ పేజీ ప్రకారం మళ్ళీ చేసింది. ఆవిడ తిట్టారు. మళ్ళీ చేసింది. రికార్డింగ్ విన్నాను. మూడోసారి ఆవిడ ఏడ్చి, "నాకే బిడ్డా. ఊరందరి కోసం అడిగిన, నా కోసం అడగనీకి నోరొస్తలేదు" అన్నారు.

ఆపా, దొంగపేరు చెప్పేవాళ్ళు డెస్కు నంబరు నుంచి చేస్తారా?

ఆస్పత్రివాళ్ళు రక్తం తెమ్మన్న ప్రతిసారీ మీరు తేదీ మార్చుకున్నారు. నేను కుర్చీ అన్నాను. సిగ్గుగా ఉంది. రిజిస్టరులో ఓ నెగటివ్ వాళ్ళు నలుగురే, ముగ్గురు ఈమధ్యే ఇచ్చారు. నాలుగో ఆయన ధర్మరాజుగారు ఈ ఉదయం వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఆపరేషన్ సోమవారం. డాక్టరుతో మాట్లాడాను, ఇక మీరు మార్చలేరు.

మీ అనుపమ

తా.క.: మీ పేజీ చివర నేనొక వరుస చేర్చాను. "ఈ పేజీ రాసినావిడ తనకోసం ఏదీ అడగదు. రోజూ సాయంత్రం ఆరింటికి మనమే ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కోవాలి." ఈ రోజు నుంచే మొదలు. ఫోన్ ఎత్తండి.