గిన్నె తుడిచే గుడ్డ

21 జనవరి 2025, మంగళవారం

ఇంటికి తెచ్చారు. గుండెలో ఒక స్టెంట్ పెట్టారు. స్క్రీన్ మీద చూపిస్తే బాల్‌పెన్ స్ప్రింగ్‌లో ముక్కంత ఉంది. దానిలో రక్తం గడ్డ కట్టకుండా రెండు రకాల మాత్రలు. డాక్టరు కుర్రవాడే, బెంగాలీ. బాబాయి వరస కలిపి, కాకూ, ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానొద్దు, మానితే స్టెంట్ మూసుకుపోతుంది, మళ్లీ ఇక్కడిదాకా వచ్చే టైం ఉండకపోవచ్చు అని బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాడు. లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో నా సర్వీసంతా బ్రేకుల దగ్గరే గడిచింది. ఏది పట్టి ఉంచాలో, ఏది వదలాలో నాకు ఒకసారి చెబితే చాలు.

విజయ కుమారి మాత్రల డబ్బా తీసుకెళ్లి బైబిలు పక్కన పెట్టింది. రెండు పూటలా తన చేత్తోనే ఇస్తుందట. మొగుడి మీద నమ్మకం లేదు. పోనీ, మంచిదే.

29 జనవరి

గడ్డం గీసుకుంటూ కోసుకున్నాను. గోరంత గాటు. తువ్వాలు సగం తడిసింది, రక్తం ఆగలేదు. మోచెయ్యి మంచం కోడుకి తగిలితే అరచేతి మేర నల్లబడింది. ఏటండీ ఇది, ఎవలో కొట్టినట్టు కమిలిపోనాది అని విజయ ఒకటే కంగారు. మా అమ్మాయి రేబెకా ఆఫీసు నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసింది. మందు వల్లేనట, నార్మలేనట. ఒళ్లు నాది కాబట్టి వాళ్లకి నార్మలే.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఈ నెల మొదటి ఆదివారం. బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ఉన్న ఆరాధన.

మా గుడిలో అందరికీ ఒకటే గిన్నె. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం తాగి, పక్కన తెల్లగుడ్డ పట్టుకుని నిలబడ్డవాడికి ఇస్తారు. వాడు తాగి, అంచు తుడిచి, గిన్నె కొంచెం తిప్పాలి. ఆ తర్వాత సంఘం. ఒక్కొక్కరు తాగాక మళ్లీ తుడవాలి, మళ్లీ తిప్పాలి. షాలిమార్ యార్డులో కలాసీగా చేసిన మా నాన్న ఆ గుడ్డ పట్టేవాడు. ఆయన తర్వాత నేను.

ఇవాళ నేను తాగి అంచు తుడిస్తే గుడ్డ మీద మరక పడింది. ద్రాక్షరసం మరక నాకు తెలుసు, ఊదాగా ఉంటుంది. ఇది ఎర్రగా ఉంది. చిగుళ్లు నాలుకతో తడిమి చూసుకుంటే ఉప్పగా తగిలింది.

గుడ్డ మడత మార్చాను. గిన్నె తిప్పాను. సంఘమంతా నా తర్వాత తాగింది.

ప్రభువు రక్తమని ఇచ్చేదానిలో జ్ఞానానందం రక్తం కలిసింది. నాకు భయం వేసింది. ఇంకా వేస్తోంది.

3 ఫిబ్రవరి

మెత్తటి బ్రష్ కొన్నాను. ఏమీ మారలేదు.

14 ఫిబ్రవరి

భవానీపూర్‌లో డాక్టరు క్లినిక్‌కి వెళ్లాను. లోకల్ రైల్లో హౌరా దాకా, అక్కడి నుంచి బస్సు. రెండో అంతస్తుకి ఎక్కేసరికి రొప్పు. ఆ రొప్పు కూడా మందు వల్లేనట. చిగుళ్ల సంగతి చెప్పాను. ఉప్పునీళ్లు పుక్కిలించండి, మాత్ర మాత్రం ఆపొద్దు అన్నాడు. అంత రొప్పుగా ఉంటే వేరే మాత్రకి మారుస్తాను, కానీ మీ అంతట మీరు ఏమీ చెయ్యొద్దు అని వేలు చూపించాడు. గిన్నె సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. మాకు ఒక గిన్నె ఉంది, అందరూ అందులోనే తాగుతాం అని మొదలుపెడితే ఇన్‌ఫెక్షన్ గురించి లెక్చరు ఇస్తాడు. ఆ లెక్చరు ఇంతకు ముందే విన్నాను.

విన్నది రాజ్ కుమార్ దగ్గర. వాడు మా సంఘం సెక్రటరీ, వరసకి మేనల్లుడు. కరోనా తర్వాత, ఎవరి గ్లాసు వాళ్లకి చిన్నవి పెడదామన్నాడు. ఒక్క గిన్నె కాకపోతే అది బల్ల కాదు, టీ కొట్టు అని మీటింగులో లేచి అరిచింది నేనే. ముసలివాళ్లందరినీ నా వైపు తిప్పుకున్నది నేనే. గెలిచాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని గ్లాసులు తెప్పించమంటాను.

2 మార్చి, ఆదివారం

తల తిరుగుతోందని చెప్పి గుడ్డ రాజ్ కుమార్ చేతిలో పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాను. బల్లలో చెయ్యి వేయలేదు, రొట్టే రసమూ తీసుకోలేదు.

వరసలో వెళుతూ ఒక్కొక్కరూ నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. అలా చూడడం నాకూ వచ్చు. ఎవరైనా కూర్చుండిపోతే నేనూ అలాగే చూసేవాణ్ని.

5 మార్చి

అనుకున్నంతా అయింది. బల్లకి దూరంగా కూర్చున్నాడంటే ఎవరితోనో పగ ఉండాలి, లేదా లోపల పాపం ఉండాలి. మావాళ్లకి మూడో కారణం ఉండదు. పగే అని తేల్చారు. సాయంత్రం రాజ్ కుమార్ స్వీట్ల ప్యాకెట్ పట్టుకుని వచ్చాడు. మావయ్యా, గ్లాసుల గొడవ నాను ఎప్పుడో మర్సిపోనాను, నీ మనసులో ఏటైనా ఉంటే సెప్పీ అన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా పెట్టుకున్నాడు. నాకు వాడి మీద ఏమీ లేదు. అదే చెప్పాను. నమ్మలేదు. మరయితే వచ్చే నెల గుడ్డ నువ్వే పట్టాల, అప్పుడు నమ్ముతాను అని చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నంత పని చేసి వెళ్లాడు.

విజయ లెక్క వేరు. ఆవిడ పగ అనుకోవడం లేదు. పాపం అనుకుంటోంది.

3 ఏప్రిల్, గురువారం

ఇవాళ మాత్రలు మింగలేదు. విజయ చేతిలో పెట్టింది, నీళ్లిచ్చింది. నాలుక కింద దాచి పెరట్లో ఉమ్మేశాను. ఆదివారం బల్ల అయిన వెంటనే మొదలుపెడతాను. బండి షెడ్డులో ఉన్నప్పుడు బ్రేకు వదిలి చూస్తాం. ఏమీ కాదు.

6 ఏప్రిల్, ఆదివారం

గుడ్డ మీద ఎరుపు లేదు.

నేను తాగాను. తుడిచాను. ఊదా మరక, అంతే. ఆ తర్వాత ఒక్కొక్కరికీ తుడిచి, తిప్పి, అందించాను. రాజ్ కుమార్ తాగి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంతమందిలో నేనూ ఒకణ్ని అనిపించుకోవడం ఎంత పెద్ద సంగతో ఒక నెల వెనక బెంచీలో కూర్చుంటే గాని తెలియలేదు.

మధ్యాహ్నం మాత్రలు వేసుకున్నాను. విజయ కోడి పలావు వండింది. ఈ రెండు నెలల్లో మొదటిసారి మీరు మీలాగున్నారు అంది.

15 ఏప్రిల్

ఈ వారంలో రెండు బల్లలు. గురువారం సాయంత్రం ప్రభువు చివరి భోజనం, ఆదివారం ఈస్టర్. నిన్నటి నుంచే మాత్రలు ఆపాను. మధ్యలో రెండు రోజులు వేసుకుంటే ఆదివారానికి మళ్లీ చిగుళ్లు మొదలవుతాయి. మొత్తం వారం మానేస్తే సరిపోతుంది. పోయినసారి ఏమైంది, ఏమీ కాలేదు.

17 ఏప్రిల్

గుడ్డ మీద ఇవాళా ఎరుపు లేదు.

19 ఏప్రిల్, శనివారం

ఈస్టర్ పాటల ప్రాక్టీసు. చరణం మొత్తం ఒక్క ఊపిరిలో పాడాను. రొప్పు లేదు, మచ్చలు మానుతున్నాయి. ఇన్నాళ్లూ నన్ను రోగిని చేసింది ఆ మాత్రలేనేమో.

11 మే, ఆదివారం

రేబెకా దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. పెన్ను బరువుగా ఉంది.

ఈస్టర్ నాడు వరసలో మా సంఘం మేరీరాణి తాగి గిన్నె వెనక్కిచ్చింది. అంచు తుడిచాను. తిప్పడం గుర్తు లేదు. గిన్నె కింద పడలేదట, రాజ్ కుమార్ పట్టుకున్నాడట. నన్ను పట్టుకోవడానికి మాత్రం ఎవరి చేతులూ ఖాళీ లేవు.

స్టెంట్ మూసుకుపోయింది. తెరిచారు గాని ఆలస్యమైంది. గుండె కండలో చాలా భాగం చచ్చిపోయింది. మిగిలింది నాలుగో వంతు పని చేస్తుందట. మెట్లు లేవు, గుడి లేదు, బాత్రూం దాకా నడిస్తే అదే ప్రయాణం. ఇది బాగయ్యేది కాదని డాక్టరు నాకు చెప్పలేదు, రేబెకాకి చెప్పాడు. దాని మొహం చూసి నేను చదువుకున్నాను.

ఐసీయూలో డాక్టరు విజయని అడిగాడు, మాత్రలు ఎప్పుడైనా మానారా అని. దేవుడి ఎదట సెప్తున్నాను బాబూ, నా సేత్తోనే ఇచ్చాను, ఒక్క పూట తప్పలేదు అంది. నేను వింటూనే ఉన్నాను. మొహం మీద మాస్కు ఉంది. తీయమని సైగ చేస్తే తీసేవాళ్లు. చేయలేదు. నేను నోరు విప్పితే ఆవిడ దేవుడి ఎదట అబద్ధం ఆడినట్టు అవుతుంది.

అతను ఆవిడ మాట నమ్మాడు. ఈ ఒంటికి ఆ మందు పట్టలేదని నిర్ణయించి, అంతకన్నా గట్టిది రాశాడు. ఇప్పుడు నిద్రలో చిగుళ్ల రక్తం కారి దిండు గలీబు రోజూ మార్చాల్సి వస్తోంది.

13 మే

తన ప్రార్థనలోనే ఏదో లోటు ఉందని విజయ ఉపవాసాలు ఉంటోంది. చూస్తూ పడుకున్నాను.

24 మే

రాజ్ కుమార్ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. మావయ్యా, నీలాగ తుడిసీవోలు ఎవలూ లేరు, నాను పడితే గిన్నె వణికిపోతోంది, నువ్వు సరే అంటే చిన్న గ్లాసులు తెచ్చీస్తాం, నువ్వు వద్దంటే వద్దు అన్నాడు. ముసలివాళ్లని అడిగావా అన్నాను. అడిగాడట. జ్ఞానానందం ఎలా అంటే అలాగే అన్నారట.

అంత తేలిక. ఎవరూ అరవలేదు, ఎవరూ నవ్వలేదు. ఫిబ్రవరిలో నేను అడిగినా ఇంతే అయ్యేది.

తెచ్చుకోండి అన్నాను.

1 జూన్, ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారు వచ్చారు. సంఘమంతా గ్లాసుల్లో తీసుకున్నారు, విజయ కూడా. పాత గిన్నె నా కోసం తెచ్చారు. తాగాను. ఉప్పగా ఉంది. అంచు తుడవడానికి గుడ్డ కోసం చెయ్యి చాపాను. తేలేదట. నా తర్వాత ఎవరూ లేరు.