పందుల తీగ

బుధవారం, పినపాక.

నా భార్య పద్మ పోయి ఐదు రోజులు. తప్పిపోయిన బర్రెను వెతుకుతూ తెల్లవారకముందే వెళ్ళింది. వరసకు మామయ్యే పక్కచేను రాములు అడవి పందుల కోసం కట్టిన కరెంటు తీగ తగిలింది.

సాయంత్రం సర్పంచి పరిహారం దరఖాస్తు తెచ్చాడు. “కరెంటోళ్ల లైను తెగి పడ్డదని సంతకం పెట్టు సారూ. పోలీసులకూ గదే చెప్దాం. పిల్ల చదువుకు పైసలొస్తయి, మామ జైలుకు పోడు.”

మామ గడప బయటే నిలబడ్డాడు. “నిజమే రాయి అల్లుడా. నేను పోత,” అన్నాడు.

సంతకం పెట్టలేదు. నిజం రాస్తే ఇంకొకటి కూడా రాయాలి. నిరుడు ఆ తీగనే అడిగి తెచ్చి మా మొక్కజొన్న చుట్టూ కట్టాను.

“ఎవరన్నా తగిలితే ఎట్ల?” అని పద్మ అడిగింది.

చీకట్లో ఎవరొస్తారన్నాను.