మెట్టెల చోట దారం

ఎమ్మిగనూరు, 1957. శ్రావణ సోమవారం, రాత్రి.

ఈరోజు పొద్దున లక్ష్మి కాలి మెట్టెలు కత్తిరించారు. పాదాలు వాచి, వెండి వేళ్లలోకి దిగిపోయింది. మెట్టెలు తీస్తే మొగుడికి కీడని, ఇన్నాళ్లూ ఆ వాపును చీర కుచ్చెళ్ల కింద దాచుకుంది, పిచ్చి మనిషి.

నిన్న ఆదోని డాక్టరు చెప్పింది ఇంకా తలలో తిరుగుతోంది. "ఆయాసం గుండెదేనప్పా. కానీ ముందు చెడింది మూత్రపిండాలు. ఒంట్లో నీరు నిలిచి, ఆ బరువంతా గుండె మోస్తాంది. ఉప్పు ముట్టనీయొద్దు."

కంసాలి కత్తెర తీయగానే లక్ష్మి కాలు వెనక్కి లాక్కుంది. "నీకేమన్నా అయితే నేనేం జేసేది?"

"నీ గుండె ఆగిపోతే నేనేం జేసేది?" అని కసిరాను. కసరకుండా ఉండాల్సింది.

తరువాత మగ్గం దగ్గరి నూలు కండె నుంచి రెండు పోగులు తెంచి, పసుపు రాసి, మెట్టెలున్న చోట కట్టాను. అప్పుడు నవ్వింది.

ఇందాక తను నిద్రపోయాక దీపం పట్టి చూశాను. కుడికాలి దారం కాస్త వదులుగా ఉంది. వాపు తగ్గిందా? పొద్దున నేనే వదులుగా కట్టానా? ఇరవై ఏళ్లుగా నేస్తున్నవాణ్ణి, పోగు ఎంత బిగించానో నా చేతికి తెలియాలి. తెలియడం లేదు.