దమ్ము పట్టకు

మిర్యాలగూడ,
22 డిసెంబర్ 2013, ఆదివారం.

చెల్లె లతకు,

అన్న శివకుమార్ దీవెనలు. నా మోకాలి నొప్పిని లెక్కలోంచి తీసేస్తే ఇక్కడ అందరం కుశలం. అమ్మ నా దగ్గర బాగానే ఉంది. టీవీ రిమోట్ మాత్రం ఆమె చేతిలోంచి కదలదు. అక్కడ తిరుపతి బావ, నువ్వు బాగున్నారని తలుస్తాను.

కోదాడ పోస్టాఫీసులో పద్దెనిమిదేళ్లుగా ఊరందరి ఉత్తరాలకూ ముద్ర కొడుతున్నా నీకంటూ ఉత్తరం రాసే దిక్కు లేదని మొన్న ఫోన్లో దెప్పావు. పైగా నేర్చుకున్నదంతా అండమాన్ చేరేసరికి మరిచిపోతానని, కాగితం మీద పెట్టి పంపమన్నావు. రెండు పనులూ ఒక్క స్టాంపుతో కానిస్తున్నాను.

జనవరిలో మీ ఆఫీసువాళ్లంతా ఇంటివాళ్లతో సహా అక్కడికి పోతున్నారనీ, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ చేపల్ని చూస్తారనీ నువ్వు చెప్పిన రోజు నాకు గుర్తుంది. "నేను ఒడ్డున అందరి చెప్పులకు కావలుంటనన్నా" అని నవ్వావు. నాకు నవ్వు రాలేదు. నలభై ఒక్కేళ్ల మనిషివి, ఇప్పటికీ ముఖం మీద చెంబుడు నీళ్లు పడితే ఊపిరాడక గిలగిలలాడతావు. తొమ్మిదేళ్లప్పుడు పాలకీడులో మన బావిలో ఈత నేర్చుకుంటుంటే తేలడానికి నాయిన నడుముకు కట్టిన బెండ్లు ముడి జారి ఊడి మునిగావు కదా, అప్పటి నుంచీ ఇంతే.

ముందు సూర్యాపేట దవాఖానలో చూపించుకోమనడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఉన్నదల్లా భయమే అని డాక్టరు తేల్చాడు. "భయానికి గోలీలుండవా సారూ" అని నువ్వు ఆయన్నే అడిగావట, బావ చెప్పాడు.

ఆ తర్వాత నేను చేసింది తప్పు. బడిలో ఇరవై ఏళ్లుగా పీఈటీని, ఎందరికో ఈత నేర్పిన వాణ్ణి అన్న మిడిసిపాటు ఒకటి. మన దిక్కు బావుల్లో ఈతకు ఒకటే మంత్రం: దమ్ము పట్టు. నాయిన నాకు అదే చెప్పాడు, నేను పిల్లలకు అదే చెబుతున్నాను. మొదటి ఆదివారం మన చెలక దగ్గర మోటారు తొట్టిలో, నడుము లోతు నీళ్లలో నిన్ను నిలబెట్టి, నోట్లో గొట్టం పెట్టి అదే అరిచాను. నువ్వు ఊపిరి బిగబట్టినంతసేపు బిగబట్టి, ఇక ఆగలేక ఒక్కసారిగా పీల్చి, దగ్గుతూ లేచి ఆ అద్దాన్ని వరిమడిలోకి విసిరావు. రెండో ఆదివారమూ అదే తంతు. "నీ పాఠం నీ బడి పిల్లలకే చెప్పుకో" అని బస్సెక్కి పోయావు. నువ్వు వెళ్లాక నేనే గొట్టం పెట్టుకుని తొట్టిలో బోర్లా పడుకున్నాను. దమ్ము పట్టి పట్టి వదిలేసరికి రెండు నిమిషాల్లో తల తిరిగింది. గొట్టం ఉన్నప్పుడు దమ్ము పట్టకూడదని నలభై ఐదేళ్లకు తెలిసొచ్చింది.

అయినా దారి చూపింది నేను కాదు, అమ్మ. మూడో వారం వెంట వచ్చి గట్టు మీద కూర్చుంది. మన అవస్థ కాసేపు చూసి, "గొట్టంతోని గాలి గుంజుతరా ఎవరన్న? పొయ్యి ఊదినట్టు ఊదు బిడ్డా. ఊదుడే నీ పని, గాలి దానంతటదే వస్తది" అంది. కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టి పెరిగినదానివి, నీకు వెంటనే అర్థమైంది. నిదానంగా, పొడుగ్గా ఊదావు. ఆ వెంటే అమ్మ, "మీ నాయిన ఆ ముడి సక్కగ కట్టుంటె నా బిడ్డకు గీ తిప్పలెందుకుండు" అని పాత పాట ఎత్తుకుంది. నాయిన పోయి నాలుగేళ్లయినా ఆయనకు ఆ మాట తప్పలేదు.

సరే, నువ్వడిగిన సంగతి. బయలుదేరే దాకా రోజూ కుర్చీలో కూర్చుని, గొట్టం నోట్లో పెట్టుకుని ఒక సీరియల్ చూడు. బావ నవ్వితే నవ్వనీ. అక్కడ దిగగానే తేలాలని చూడకు. నడుము లోతులో నిలబడి, బావ చెయ్యి పట్టుకుని ముఖం ఒక్కటే నీళ్లలో పెట్టు. మనసులో ఆరు లెక్కపెట్టేదాకా ఊదు. గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఒక్క ఊదు ఊదితే బయటికి పోతాయి, పోకపోతే లేచి నిలబడు, అందులో నామోషీ ఏమీ లేదు. తేలే జాకెట్ తప్పకుండా వేసుకో. ఛాతీ బిగుసుకున్నట్టు ఉంటే ఆ రోజుకు ఒడ్డెక్కు, చేపలు ఎక్కడికీ పోవు.

పోయిన ఆదివారం పన్నెండు నిమిషాలు ముఖం ఎత్తలేదు నువ్వు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. లేచి, "అడుగున నాచు ఎంత పచ్చగుందన్నా" అన్నావు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బావను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అన్న
శివకుమార్

తా.క. కవరులో పెట్టిన ఉత్తరాన్ని మళ్లీ బయటికి తీశాను. మొన్న తొట్టిలో నీ కడుపు కింద చెయ్యి పెడితే, "నువ్వు పట్టుకుంటే నాకేం భయం లేదన్నా" అన్నావు. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ రోజు బావి మెట్ల మీద నీ వెనక కూర్చున్నది నేనే. నాయిన చుట్ట వెలిగించుకోవడానికి అటు తిరిగాడు. నాకంటే నువ్వే బాగా ఈదుతున్నావని ఆయన మెచ్చుకుంటుంటే నాకు ఓర్వలేనితనం. ఒక్క మునక వేస్తే ఏడుస్తావులే అనుకుని ముడి విప్పాను. నువ్వు దూకావు, మళ్లీ తేలలేదు. నేను కదలలేదు. నాయినే దూకి తీశాడు. "ముడి ఎట్ల జారిందిరా" అని అడిగితే తెల్వదన్నాను. అప్పుడు నాకు పదమూడేళ్లు, అది ఒక సాకు. కానీ అమ్మ ఇరవై ఎనిమిదేళ్లు ఆయన్ని ఆడిపోసుకుంటుంటే కూడా ఊరుకున్నాను. పోయే ముందు మంచంలో, "వదులుగ కట్టిన్నేమోరా" అన్నాడు. అప్పుడూ చెప్పలేదు.

దీన్ని డబ్బాలో వేసి వచ్చి అమ్మకు చెబుతాను. నన్ను తిట్టు, ఎన్నాళ్లయినా మాట్లాడకు. సముద్రంలోకి మాత్రం దిగు. నాయిన ముడి గట్టిగానే కట్టాడు, లతా. దాన్ని విప్పుతుంటే నా గోరు చీలింది.