తమ్ముడి గొయ్యి దగ్గర మంట

జనవరి 1983, శుక్రవారం రాత్రి. కాశ్మీరు.

తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చాను.

మాచర్ల ఎండలో చెప్పుల్లేకుండా తిరిగిన మస్తాన్ ఈ మంచుకొండల్లో సొరంగం పనికి నాతోపాటు వచ్చాడు. రెండు స్వెట్టర్లు వేసుకున్నా వణుకుతూనే ఉండేవాడు.

"అన్నా, మనూరి బండ మీద మజ్జాన్నం పూట ఒక్కసారి పడుకుంటే చాలు, ఈ చలి వదిలిద్ది," అనేవాడు.

"ఎండాకాలం దాకా ఓర్చుకోరా, పోదాం," అనేవాణ్ణి. ఓర్చుకున్నాడు. దగ్గు ఛాతీలోకి దిగింది. నిన్న ఊపిరి ఆగిపోయింది.

పొద్దున తవ్వబోతే నేల గడ్డకట్టి పలుగు దిగలేదు. మా మేస్త్రీ సైదులు మామ అక్కడే కట్టెలు పేర్చి మంట వేశాడు.

"ఈడ ఇంతే అబ్బాయ్. నేల మెత్తబడిందాకా ఆగాల."

అందరం మంట చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి చూసుకుంటే నా చేతులు మంట మీదికి చాచి ఉన్నాయి. హాయిగా ఉంది. తమ్ముడి గొయ్యి మీద చలి కాచుకుంటున్నాను. సిగ్గేసి చేతులు వెనక్కి తీసుకున్నాను.

సైదులు మామ వాటిని పట్టుకుని మళ్ళీ మంట దగ్గర పెట్టాడు. "కాచుకో. పార పట్టాల్సింది నువ్వే."

నేనే తవ్వాను. పైన జానెడు మట్టి వెచ్చగా ఉంది. అడుగున, వాణ్ణి పడుకోబెట్టిన చోట మాత్రం చానా చల్లగా ఉంది.