బాల్కనీలో రాతి గుండు

జూన్ 2
తమ్ముడు బాల్కనీలో మెషిన్ పెట్టాడు. కారు అద్దాలు తుడిచే మోటార్లు మూడు, పాత ఇనుప బల్ల, నీళ్ళ పైపుల చివర బిగించే ఇనుప కప్పులు మూడు. ఆ కప్పుల మధ్య రాయి ఇరుక్కుని తిరుగుతుంది. తిరిగి తిరిగి గుండ్రంగా అవుతుందట. అయ్యాక ఏం చేస్తావురా అంటే చూద్దాంలే అన్నాడు. నలభై మూడేళ్ళవాడు. బట్టలు ఆరేసుకోవడానికి నాకున్నది ఆ బాల్కనీ ఒక్కటే.

జూన్ 4, ఉదయం 6:20
పళ్ళు తోముకుంటుంటే నోట్లో కరకరమంది. ఉమ్మితే బూడిద రంగు. ఆ గాడిద నా బ్రష్‌తో రాయికి అరగదీసే పొడి పూశాడు. కడిగే పెట్టానక్కా అంటున్నాడు! నాలుగుసార్లు పుక్కిలించాను. ఇంకా నాలుక కింద ఏదో ఉన్నట్టే ఉంది. ఛీ.

జూన్ 5
దిండు గలీబు మీద కూడా ఉంది.

జూన్ 9
సింకు మూసుకుపోయింది. ప్లంబర్ పైపు విప్పి చూపించాడు. రాతి బురద గట్టిపడి, దాంట్లో వెంట్రుకలు, కుళ్ళిన తిండి ముక్కలు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. సిమెంటు ఏమన్నా పోశారా మేడమ్ అని అడిగాడు. మా ఇంట్లో ఒక గాడిద ఉంది, అది పోసింది నాయనా అందామనుకున్నాను. కింది ఇంటావిడ కూడా పైకొచ్చింది. మీ ఇంట్లో పొద్దస్తమానం ఎవరో పళ్ళు నూరుతున్నట్టు ఉంటుందేంటండీ అంది.

హాస్పిటల్లో పాతికమంది క్లీనింగ్ వాళ్ళకి సూపర్‌వైజర్ని. ఎర్ర బకెట్ టాయిలెట్లకి, నీలం బకెట్ వార్డులకి, ఆకుపచ్చది ఆపరేషన్ థియేటర్‌కి. ఒకదాంట్లో గుడ్డ ఇంకోదాంట్లో ముంచారంటే ఆ రోజు వాళ్ళ పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని ఇంటికొచ్చి టేబుల్ మీద వేలు పెడితే నా వేలిముద్ర పడుతోంది.

జూన్ 13
ఎందుకు భరిస్తున్నానో రాసుకుంటే కాస్త కోపం తగ్గుతుందేమో.

వాడు పంతొమ్మిదేళ్ళు పళ్ళ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేశాడు. పక్క పన్నుతో పెట్టి చూసినా తేడా తెలిసేది కాదు. పోయినేడాది చేతులు వణకడం మొదలైంది. ప్రాణానికేం భయం లేదన్నాడు డాక్టర్. తగ్గదని కూడా అన్నాడు. ల్యాబ్ వాళ్ళు మర్యాదగానే పంపించేశారు. ఐదు నెలలు నా సోఫాలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్నానం చెయ్యరా అని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఆ వాసన నేనింకా మర్చిపోలేదు.

ఈ మెషిన్‌కి నిలకడైన చెయ్యి అక్కర్లేదు, చూసే కన్ను చాలు. రాళ్ళు కోసే షాపాయన ఒక నల్లరాయి ముక్క ఇచ్చాడట. ముప్ఫయ్యో తారీఖులోగా ఒక్క గీత కూడా లేకుండా గుండు చేసి తెస్తే పనిలో పెట్టుకుంటానన్నాడట. మెట్ల పక్క స్తంభాల మీదికి గుండ్లు కావాలట. గాడిదకి ఇన్నాళ్ళకి మొహంలో కళ వచ్చింది. బురద మాత్రం బురదే.

జూన్ 19
పొడులు ఆరు రకాలు. 80 నంబరుది ఇసకలా గరుకు. తర్వాత 220, 400, 600, 1200. చివరిది పాలిష్ పొడి, మొహానికి రాసుకునేంత మెత్తన. ఒక్కోదానికి వేరే బ్రష్, వేరే కప్పులు. పాలిష్ కప్పులకి లోపల మెత్తటి గుడ్డ అంటించి విడిగా ఒక డబ్బాలో పెట్టాడు. మూత మీద ముట్టుకోవద్దు అని రాశాడు. నా ఇంట్లో నాకే.

వాడు చూడకుండా గుండు చేతిలోకి తీసుకున్నాను. నారింజకాయంత ఉంది. కింద పెట్టబుద్ధి కాలేదు. ఈ ముక్క వాడికి చచ్చినా చెప్పను.

జూన్ 21, ఆదివారం
వాడు క్షవరానికి వెళ్ళాడు. ఎన్నాళ్ళకో! నాకు రెండు గంటలు దొరికాయి. కొంగు బిగించి బాల్కనీలో దిగాను. నేల, గోడ, మోటార్లు, బ్రష్‌లు, కప్పులు, ఒక్కటి వదల్లేదు. అన్నీ ఒకే బకెట్‌లో నానేసి, ఒకే పీచుతో రుద్దాను. ముట్టుకోవద్దు డబ్బా జిడ్డోడుతోంది. దాన్నీ, లోపలి కప్పుల్నీ కడిగి, ఎండలో ఆరబెట్టి, ఎక్కడివక్కడ సర్దేశాను. బకెట్ అడుగున మిగిలిన మడ్డి చూస్తే అన్నం సహించలేదు. గాడిద ఉండే చోటు ఇన్నాళ్ళకి ఇల్లులా ఉంది.

జూన్ 22
డబ్బా ముట్టుకోలేదు కదా అని అడిగాడు. లేదన్నాను. శుభ్రం చేసినందుకు కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలా?

జూన్ 25
రెండు రోజులు పాలిష్ పట్టి, తుడిచి, దీపం కింద పెట్టాడు. గుండు నిండా గీతలు. సన్నగా, పిల్లి రక్కినట్టు.

బాత్రూమ్ గడప మీద కూర్చుండిపోయాడు. నా చెయ్యే అక్కా అన్నాడు. వణికి, 80 పొడి ఎక్కడో రాల్చి ఉంటానన్నాడు. ఆఖరికి రాయికి కూడా పనికిరాకుండా పోయాను అన్నాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

జూన్ 26, మధ్యాహ్నం 1:40
కొత్తగా చేరిన అమ్మాయి టాయిలెట్ గుడ్డని నీలం బకెట్‌లో ముంచింది. బాగా కడిగాను మేడమ్ అంది. కడిగితే పోతుందా, కంటికి కనపడనిదే కదా ప్రాణం తీసేది అని అందరి ముందూ అరిచాను. అరుస్తుండగానే నా బకెట్ గుర్తొచ్చింది.

ఒకే బకెట్. ఒకే పీచు. 80 పొడి ఉన్న కప్పులూ, పాలిష్ కప్పులూ కలిపి రుద్దాను. ఆ గరుకు పొడి మెత్తటి గుడ్డలోకి దూరింది. వాడి చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను. పైగా ముట్టుకోలేదన్నాను.

ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళింది. స్టోర్‌రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. నాలుగో తారీఖున నోట్లో కరకరమన్నప్పటి కంటే రోతగా ఉంది. ఇది పుక్కిలిస్తే పోయేది కాదు.

జూన్ 27
మోటార్లు విప్పేశాడు. రేపు సాయంత్రం పాత సామాన్లవాణ్ణి రమ్మన్నాడట. మళ్ళీ సోఫాలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళ స్నానం చెయ్యలేదు.

జూన్ 28, ఉదయం
మూడుసార్లు చెబుదామని నోరు తెరిచాను. మూడుసార్లూ టీ పెట్టనా అని అడిగాను. పాతికమంది మీద అరిచే నోరు ఇదేనా! నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

డ్యూటీకి వెళుతున్నాను. ఈ పుస్తకం ఇరవై ఒకటో తారీఖు పేజీ తీసి సోఫా పక్కన పెడుతున్నాను. చదివి ఏమన్నా అనుకో.

జూన్ 28, మధ్యాహ్నం
అక్కా, మొదటినుంచీ చదివాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకో. నన్ను నాలుగు చోట్ల గాడిద అన్నావు. ఐదోది నీకు.
పాత సామాన్లవాణ్ణి రావద్దన్నాను. షాపాయన పదో తారీఖు దాకా ఆగుతానన్నాడు. 220 నుంచి మళ్ళీ పట్టాలి.
వచ్చేటప్పుడు బకెట్లు తీసుకురా. ఆరు. ఆరు రంగులు.